ఐదో ప్రయాణం

మేయరు క్నోప్‌కి ఎవరినీ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే అలవాటు లేదు. అలాంటి మనిషి మంగళవారం పొద్దున్నే బోర్డులు రాసే ట్రేబింగ్ మేస్త్రీని టౌన్‌హాలు పైగదికి పిలిపించి, కుర్చీ చూపించి, తన చేత్తో బార్లీ కాఫీ పోసి ఇచ్చేసరికి మేస్త్రీకి అనుమానం వచ్చింది. అరవై మూడేళ్ల వాడు. యుద్ధం మొదలైన ఈ నాలుగేళ్లలో ఊరికే ఇచ్చిన కప్పు వెనక ఏదో ఒక బరువు ఉంటుందని బాగా ఎరిగినవాడు. కాఫీ ముట్టుకోకుండా టోపీ ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు.

"కింద బోర్డు కాస్త మార్చాలి," అన్నాడు మేయరు.

బిర్కెన్‌రోడెలో బోర్డు అంటే ఒకటే. టౌన్‌హాలు కింది వసారాలో ఇనప పొయ్యి పక్కన గోడకు బిగించిన నల్లటి ఓకు చెక్క. దాని మీద పసుప్పచ్చ అక్షరాలు ట్రేబింగ్ రాసినవే. సముద్రం మొహం చూడని కొండ ఊరు అది. అగ్గిపెట్టెలు చేసుకుని బతుకుతుంది. అయినా రెండేళ్ల కిందట ఒక జలాంతర్గామిని దత్తత తీసుకుంది. అప్పట్లో ప్రతి ఊరికీ ఒక పడవ ఉండాల్సిందే, లేకపోతే పక్క ఊరి వాళ్ల ముందు తల ఎత్తుకోలేరు. ఆడవాళ్లు ఆ పడవ వాళ్లకు మేజోళ్లు అల్లి పంపారు, సాసేజీలు చుట్టి పంపారు. వాళ్లు సెలవులకు వచ్చి ఊరి బీరంతా తాగి, ఊరి పిల్లలకు సముద్రం గురించి కోతలు కోసి వెళ్లారు. బోర్డు నెత్తిన ఊరి గుర్తు, దేవదారు చెట్టు. దాని కింద కెప్టెన్ పేరు లోరెంట్సెన్. ఆ కింద వరసగా పడవ చేసిన ప్రయాణాలు. మొదటి ప్రయాణం, మూడు ఓడలు ముంచింది. రెండోది, రెండు ఓడలు. మూడోది, ఒక ఓడ. నాలుగో ప్రయాణం అని ఆగస్టులో రాసిన వరస పక్కన డిసెంబరు వచ్చినా ఏమీ లేదు. పడవ నంబరు మాత్రం బోర్డు మీద ఎక్కడా కనబడదు. అది యుద్ధ రహస్యం కనక రాయకూడదన్నారు.

మేయరు చెప్పిన మార్పులు మూడు. లోరెంట్సెన్ పేరు గీకేసి ఆ చోట వీబె అని రాయాలి. నాలుగో ప్రయాణం పక్కన విజయవంతం అని రాయాలి. దాని కింద ఐదో ప్రయాణం అని కొత్త వరస వెయ్యాలి. ఆదివారం మధ్యాహ్నం ఊరంతా క్రిస్మస్ పాటలకు వసారాలో చేరినప్పుడు తాను పైకి చదువుతాడు.

"లోరెంట్సెన్‌గారు ఏమయ్యారు?"

"ఒడ్డు మీద పెద్ద ఉద్యోగం ఇచ్చారని చెబుదాం."

"చెబుదాం అంటే?"

మేయరు బల్ల సొరుగు లాగి ఒక ఉత్తరం తీసి ముందుకు తోశాడు. నౌకాదళం వాళ్లు రాసింది. మీ ఊరి పడవ సెప్టెంబరు నుంచి పలకడం లేదు, మునిగిపోయినట్టే భావించాలి. నలభై తొమ్మిది మంది. బంధువులకు కబురు చేసేదాకా సంగతి గుట్టుగా ఉంచాలి. మీ ఊరి అభిమానాన్ని గుర్తించి మీకు మరో కొత్త పడవను ఇస్తున్నాం, దాని కెప్టెన్ వీబె. ఉత్తరం మొత్తం అంతే. మేస్త్రీ అది రెండుసార్లు చదివాడు. నంబరు రాయకపోవడం ఇంత పనికొస్తుందని రెండేళ్ల కిందట ఎవరూ అనుకుని ఉండరు. పాత పడవ చచ్చిపోయిన చోటే కొత్త పడవ కూర్చుంటుంది, బోర్డు ముందు నిలబడి చదివేవాళ్లకు రెండూ ఒకటే పడవ.

"ఆల్వీన కొడుకు అందులోనే ఉన్నాడు," అన్నాడు మేస్త్రీ.

"నాకు తెలీదా?" మేయరు కిటికీ వైపు తిరిగాడు. చావు కబుర్లు ఇంటింటికీ మోసే పని కూడా అతనిదే. దానికి వేరే గోధుమరంగు యూనిఫారం ఉంది. "ఈ ఏడు ఇరవై మూడు గుమ్మాలు ఎక్కాను, ఓస్వాల్డూ. ఆ బట్టలేసుకుని వీధిలోకొస్తే ఆడవాళ్లు తలుపులేసుకుంటున్నారు. నా పెళ్లాం ఆ చొక్కా ఇస్త్రీ చెయ్యనంటోంది. పండగ వెళ్లాక నేనే పోయి చెబుతాను. ఈ ఒక్క పండగ ఆమెను మనశ్శాంతిగా ఉండనీ."

అంతటితో ఆగి ఉంటే మేస్త్రీ అతని మీద జాలి పడేవాడే. కానీ మేయరు కుర్చీలో సర్దుకుని, రంగులు కొనుక్కునే పర్మిట్లు జనవరిలో తనే మళ్లీ రాయాలి కదా అని గుర్తుచేశాడు. మంచి నూనెరంగు వెయ్యి, పదేళ్లు నిలవాలి అని కూడా అన్నాడు. మేస్త్రీ సరేనన్నాడు. ఆ సరే అన్నందుకు మెట్లు దిగుతున్నంతసేపూ తనను తాను తిట్టుకున్నాడు.

వసారాలో ఆల్వీన మోకాళ్ల మీద కూర్చుని రాతి నేల తోముతోంది. ముప్పై ఏళ్లుగా ఆ టౌన్‌హాలు ఊడ్చి తుడిచేది ఆమే. తడి నేల మీద నడవొద్దని చీపురు అడ్డం పెట్టి కేకేసింది. మేస్త్రీ గోడవార నడిచి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆమె కొడుకు ఏగోన్ అతని దగ్గర మూడేళ్లు పని నేర్చుకున్నాడు. పడవ బురుజు మీద ఊరి గుర్తు వెయ్యడానికి మేస్త్రీ కీల్ రేవుకు వెళ్లినప్పుడు, నిచ్చెన పట్టుకోవడానికి అతన్నే వెంట తీసుకెళ్లాడు. కొమ్మలకు నీడలు వేసింది ఏగోనే. ఆ చెయ్యి వణకకపోవడం చూసి, ఇలాంటి చెయ్యి మాకు టార్పెడోల దగ్గర కావాలి అని కెప్టెన్ నవ్వుతూ అన్నాడు. మేస్త్రీ కూడా గర్వంగా నవ్వాడు, ఏగోన్ ఆ పడవలోనే చేరాడు. ఆ నవ్వు ఇప్పుడు అతనికి గొంతులో ముల్లులా ఉంది.

బుధవారం అతను షాపు తలుపు తీయలేదు. వెనక గదిలో బంగాళాదుంపల బుట్ట అడుగున ఒక సీసా ఉంది, అందులో అరకప్పు అవిసె నూనె. యుద్ధానికి ముందు సరుకు. నూనెలన్నీ సైన్యానికీ వంటలకూ పోతున్న ఈ రోజుల్లో అంత నికార్సయిన నూనె చుట్టుపక్కల ఏ పెయింటరు దగ్గరా లేదు. ఏదో మంచి పనికని దాచాడు. సీసా తీసి వెలుగుకు పట్టి చూశాడు. అబద్ధానికి దీన్ని పొయ్యనని ఆ క్షణంలోనే అనుకున్నాడు. సీసాను మళ్లీ దుంపల కింద పెట్టేశాడు.

దానికి బదులు ఎముకల జిగురు నానబెట్టాడు. నానిన జిగురును నీళ్లగిన్నెలో పెట్టి, పొంగనీయకుండా సన్నసెగ మీద కరిగించాడు. ఒక చిప్పలో దీపపు మసి కలిపి నలుపు చేశాడు. ఇంకో చిప్పలో పసుపు మట్టి, చిటికెడు సుద్ద. ఇళ్ల లోపలి గోడలకు వేసే రంగు అది. ఆరాక చూడటానికి బాగానే ఉంటుంది, కానీ నీళ్లు తగిలితే నిలవదు. పాత పేరును గీకకుండా దాని మీదే ఈ నలుపు వేసి, పైన ఈ పసుపుతో రాస్తాడు. పండగ దాటేదాకా ఆగితే చాలు. ఆ తరవాత ఎప్పుడో ఒకనాడు తనే తడిగుడ్డ తీసుకువెళ్లి ఊరందరి ముందూ తుడిచేస్తాడు. తనకు అంత ధైర్యం వస్తుందా అని మాత్రం ఆలోచించలేదు. ఆల్వీన బోర్డును పొడిగుడ్డతోనే దులుపుతుందని అతనికి తెలుసు. నీళ్లు తగలనీయకని రెండేళ్ల కిందట గట్టిగా చెప్పింది అతనే.

గురువారం నిచ్చెన వేసుకుని పని మొదలుపెట్టాడు. నూనెరంగు మీద జిగురురంగు పట్టదు కనక ముందు ఉల్లిపాయ కోసి ఆ ముక్కతో పాత అక్షరాలను రుద్దాడు. కళ్లవెంట నీళ్లొచ్చాయి, ఆ నీళ్లకు ఒక సాకు దొరికినందుకు సంతోషించాడు. నలుపు రెండు పూతలు వేశాక లోరెంట్సెన్ కనబడకుండా పోయాడు. కొత్త అక్షరాల వెంట సూదితో పొడిచిన కాగితాన్ని బోర్డుకు ఆనించి, సుద్ద మూటతో మెల్లగా కొట్టాడు. కాగితం తీస్తే కొత్త పేరు చుక్కలు చుక్కలుగా నిలిచింది. కుంచె పట్టిన చెయ్యిని ఎడమచేతిలోని కర్ర మీద ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో గీతా కిందికి లాగుతున్నాడు.

ఆల్వీన చీపురుతో వచ్చి నిచ్చెన కింద నిలబడింది. పక్కనెవరో చచ్చినా తల తిప్పడు పనిలో ఉంటే అని మేస్త్రీని వెక్కిరించింది. కొత్త కెప్టెన్ వచ్చాడా, పాతాయన ఏమయ్యాడు అని అడిగింది. మేస్త్రీ మేయరు నేర్పిన మాట అప్పజెప్పాడు. పోనీలే, ఆయన భార్య అదృష్టవంతురాలు అంది. నాలుగో వరస పక్కన ఒక్కో అక్షరమే పడుతుంటే ఆమె పెదాలు కదుపుతూ చదువుతోంది. వి. జ. య. అక్కడికొచ్చేసరికి చీపురు గోడకు ఆనించింది.

"అంటే తిరిగొచ్చారా మేస్త్రీ?"

అతను కుంచెను చిప్ప అంచున ఒత్తాడు. "కింద ఐదో ప్రయాణం రాయమన్నారు," అన్నాడు.

"తిరిగొచ్చి మళ్లీ వెళ్లారా! అందుకే ఉత్తరం రాయడానికి తీరిక చిక్కలేదు సన్నాసికి." నాలుగు నెలలుగా ముడుచుకున్న ఆ మొహం విప్పారింది. ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "నాలుగు నెలలు! పోస్టుమాన్ నన్ను చూసి వీధి మారుస్తున్నాడంటే నమ్ము. మా లీజకి చెప్పొస్తాను. ఈ బకెట్టు కాస్త చూస్తుండు."

లీజ అంటే ఆమె కోడలు, ఏగోన్ భార్య. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లేబుళ్లు అంటిస్తుంది. అరగంటలో అత్తాకోడళ్లిద్దరూ వచ్చారు. ఎనిమిదో నెల కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని, రొప్పుతూ, లీజ ఐదో ప్రయాణం అన్న అక్షరాలను చాలాసేపు చూసింది. మేస్త్రీ చెయ్యి పట్టుకుని, రంగు అంటుకుంటుందని కూడా చూసుకోకుండా చెంపకు ఆనించుకుంది. మేస్త్రీ ఇంటికెళ్లాక ఆ చెయ్యి మూడుసార్లు కడిగాడు. శుక్రవారం ఆల్వీన దుంపలతో చేసిన కేకు ఒక గిన్నెలో పెట్టి అతని షాపు గుమ్మంలో ఉంచిపోయింది. అతను దాన్ని ముట్టుకోలేకపోయాడు, పారెయ్యలేకపోయాడు.

శనివారం పదిగంటలకు అతను నిచ్చెన తెచ్చుకోవడానికని టౌన్‌హాలుకు వెళ్లాడు. నిజానికి నిచ్చెనతో పనేం లేదు, బోర్డు ఎలా ఉందో చూడకుండా ఉండలేకపోయాడు. వసారాలో అడుగుపెట్టగానే సబ్బు వాసన కొట్టింది. పొయ్యిలో పచ్చి కట్టెలు పెట్టినట్టున్నారు, గోడంతా మసిపట్టి ఉంది. ఆల్వీన బోర్డు ముందు నిచ్చెన రెండో మెట్టు మీద నిలబడి ఉంది. చేతిలో తడిగుడ్డ. రేషనులో నెలకొకసారి వచ్చే సబ్బు ముక్క పై మెట్టు మీద పెట్టి ఉంది. మసి పట్టిన బోర్డును పండగ రోజున ఊరికి చూపించడం ఇష్టంలేక, సంతోషం పట్టలేక, నీళ్లు తగలనీయకన్న మాట మరిచిపోయి కడిగింది.

బోర్డు మీద వీబె లేడు. విజయవంతం లేదు. ఐదో ప్రయాణం ఉన్న చోట పసుపు నీళ్లు చారలు కట్టి కిందికి కారుతున్నాయి. ఆ చారల పైన లోరెంట్సెన్ పేరు ఆగస్టులో ఉన్నట్టే నిగనిగలాడుతోంది.

ఆమె వెనక్కి తిరగలేదు. గుడ్డను బకెట్టులో పిండింది. మెల్లగా దిగి మెట్టు మీదే కూర్చుంది.

"ముప్పై ఏళ్లుగా నీ బోర్డులు తుడుస్తున్నాను," అంది. "నీళ్లతో పోయే రంగుతో నువ్వు ఒక్కటి కూడా రాయలేదు. రొట్టెల దుకాణం బోర్డు వానకీ మంచుకీ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఎప్పుడు తెలిసింది నీకు?"

"మంగళవారం."

"పోయాడా?"

"పడవ మొత్తం పోయింది. సెప్టెంబరులో."

ఆల్వీన తల ఆడించింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని మేస్త్రీకి అనిపించింది. చేతిలోని గుడ్డను మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది.

"గురువారం నేను పళ్లికిలించుకుని నిలబడ్డాను. నువ్వు పైన నిలబడి చూశావు."

"నోరు పెగల్లేదు ఆల్వీనా. మంచి రంగుతో రాస్తే అబద్ధం నిలిచిపోతుందని ఇలా రాశాను. నా ఏడుపు నాది. ఎప్పటికైనా నేనే తుడిచేద్దామనుకున్నా."

"నా చేత తుడిపించావు."

టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పైన మేయరు గదిలో టైపు మిషను టకటకలాడుతోంది, మధ్యమధ్య ఆగుతోంది. ఆల్వీన బోర్డు వైపు తలెత్తి ఒక్కో వరసా చూసింది, మూడు ఓడలు, రెండు ఓడలు, ఒక ఓడ.

"ఆ ఓడల్లో కూడా మనుషులుండే ఉంటారు కదా," అంది. "ప్రతి శనివారం ఆ అంకెలు మెరిసేలా తుడిచాను. ఒక్కసారి తట్టలేదు."

మేస్త్రీకీ తట్టలేదు. మూడు అనే అంకె తోక బాగా కుదిరిందని ఆ రోజు దూరంగా జరిగి మరీ చూసుకున్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పుకోలేక సిగ్గుతో తల దించుకున్నాడు. ఇప్పుడే పైకి వెళ్లి, బోర్డు ఇలాగే ఉంటుంది, రేపు ఊరంతా చూస్తుంది, పర్మిట్లు నీ దగ్గరే పెట్టుకో అని మేయరుతో చెప్పేస్తానన్నాడు. ఈసారి నిజంగానే చెప్పగలననిపించింది. ఒక కాలు మెట్ల మీద వేశాడు కూడా.

"ఆగు," అంది ఆల్వీన. "మళ్లీ రాయి."

అతనికి అర్థం కాలేదు.

"మొత్తం మళ్లీ రాయి, గురువారం రాసినట్టే. నా గుడ్డకు కూడా పోకూడదు. పోయినేడు లీజ అన్న పోయాడని కబురు వచ్చిన మూడో రోజుకి దానికి కడుపు పోయింది, గుర్తుందా? మంత్రసాని నేనే. వాడికి చేతివేళ్లు కూడా వచ్చేశాయి." మడిచిన గుడ్డను ఒళ్లో పెట్టుకుంది. "జనవరి నెలాఖరుకి దీనికి నెలలు నిండుతాయి. అప్పటిదాకా ఐదో ప్రయాణం జరగాలి మేస్త్రీ. మేయరుకి నేను చెబుతాను, ఆ యూనిఫారం మా గడప తొక్కకూడదని. నీ దగ్గర నూనె లేదని నాకు చెప్పకు. ఏగోన్ నీ దగ్గరున్నప్పుడు చూశాడు, దుంపల బుట్ట కింద."

మేస్త్రీ ఇంటికి నడిచాడు. దారంతా మంచు పడుతోంది. అబద్ధానికి పొయ్యనన్న సీసా తీసి కోటు లోపల పెట్టుకున్నాడు. త్వరగా ఆరడానికి కలిపే మందు ఒక చిన్న డబ్బా ఉంటే అదీ తీసుకున్నాడు. తిరిగొచ్చేసరికి ఆల్వీన బోర్డును పొడిగా తుడిచి, వసారా తలుపుకు గడియ పెట్టి, నేల తడిగా ఉంది రావొద్దు అని బయట చీపురు అడ్డం పెట్టింది. ఈసారి లోరెంట్సెన్ పేరును కత్తితో గీకాడు. గీకిన పొట్టు రాలి ఆల్వీన జుట్టు మీద పడింది. ఆమె దులుపుకోలేదు. రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది, కీల్‌లో ఏగోన్ నిలబడ్డట్టే.

నూనెరంగు కుంచెకు ఇట్టే లొంగింది. చాలా కాలానికి మంచి రంగుతో రాస్తున్నందుకు చేతికి హాయిగా ఉంటే మేస్త్రీకి తన మీదే అసహ్యం వేసింది. వీబె అయింది, విజయవంతం అయింది. ఐదో ప్రయాణం రాసేటప్పుడు మాత్రం ఆల్వీన కళ్లు మూసుకుంది. పని అయ్యేసరికి రెండు దాటింది. ఆమె బకెట్టు ఎత్తింది. అందులో పొద్దుటి నీళ్లు పసుప్పచ్చగా ఉన్నాయి. వీధి కాలవ దాకా వెళ్లి, పారబొయ్యలేక, కాసేపు ఆ బకెట్టుతో మంచులోనే నిలబడింది.

కిటికీలోంచి అది చూసి మేస్త్రీ నిచ్చెన దిగబోయినవాడు ఆగిపోయాడు. సీసా అడుగున ఇంకా నాలుగు చుక్కల నూనె ఉంది. దీపపు మసిలో ఆ నాలుగు చుక్కలూ పోసి చిక్కగా కలిపాడు. నాలుగో ప్రయాణం వరస కింద, నల్ల చెక్క మీద నల్ల రంగుతో, కాగితం లేకుండా, గీత లేకుండా, ఒకే ఒక్క పేరు రాశాడు. నలభై తొమ్మిది పేర్లూ రాయాలని ఉంది. కెప్టెన్ పేరు కాక అతనికి తెలిసింది ఒకటే, నూనె కూడా ఒక్క పేరుకే వచ్చింది. దూరంగా జరిగి చూస్తే అక్కడేమీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం వసారా కిటకిటలాడింది. పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని పాడారు. మేయరు మామూలు కోటు వేసుకుని వచ్చాడు. ఆల్వీన పొద్దున్నే అతని గదిలో పది నిమిషాలు ఉండి వచ్చిందని, లోపల మాటలు వినబడలేదని, ఆమె బయటికొచ్చాక మేయరు చాలాసేపు తలుపు తియ్యలేదని కాపలావాడు తరవాత చెప్పాడు. మేయరు బోర్డు చదవడం మొదలుపెట్టాడు. మొదటి ప్రయాణం, రెండో ప్రయాణం, మూడో ప్రయాణం. నాలుగో దగ్గర దగ్గి, విజయవంతం అన్నాడు. ఐదో ప్రయాణం అనగానే జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న లీజ కడుపు మీద చెయ్యి వేసుకుని, తల వంచి, లోపలి బిడ్డతో ఏదో చెప్పుకుంటోంది.

మేస్త్రీ ఆల్వీన పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆమె కూడా అందరితోపాటు చప్పట్లు కొడుతోంది. బోర్డు ఆమె చేతికి అందేంత దగ్గర్లో ఉంది.

"నాలుగో వరస కింద చెయ్యి పెట్టి చూడు," అన్నాడు ఆమెకు మాత్రమే వినబడేలా. "మెల్లగా. ఇంకా ఆరలేదు."

ఆల్వీన అతని మొహం చూసింది. తరవాత మసి తుడుస్తున్నదానిలా చెయ్యి చాపి బోర్డు మీద పెట్టింది. చూపుడు వేలు చెక్క మీద కొంచెం వెతుక్కుని, ఒకచోట ఆగి, మెల్లగా కుడివైపుకు జరిగింది. ఆమెకు చదువు అంతంతమాత్రమే, కానీ ఆ పేరు రాయడం ఆమెకు బాగా తెలుసు. చివరి అక్షరం దగ్గర వేలు చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా, చేతికి ఏదో నల్లగా అంటింది," అంది లీజ, ఇంటికి వెళదామని లేచి వచ్చి. రుమాలు తీసి ఇవ్వబోయింది.

"పొయ్యి మసిలే, ఇంటికెళ్లాక కడుక్కుంటాను," అని ఆల్వీన వేలు మడిచి గుప్పెట మూసుకుంది. రెండో చేత్తో కోడలి భుజం పట్టుకుని, నేల జారుతుంది చూసుకు నడవమని చెబుతూ బయటికి తీసుకెళ్లింది.